గడపకన్నా ఎత్తైన రోడ్డు

నవనీత సర్పంచ్ అయినప్పుడు ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. గద్వాల నుంచి వడ్డేపల్లి వైపు పోతుంటే, పెద్ద రోడ్డు వదిలి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే నాగరేవుల వస్తుంది. ఆ ఊరి బడిలో నేను ఏడేళ్ళు పనిచేశాను. మాది తిమ్మాజిపేట. వారానికోసారి ఇంటికి పోయి వచ్చేవాడిని. మిగతా రోజులు నాగరేవుల మగ్గాల వాడలోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నాను. అందుకని ఇందులో సగం నేను కళ్ళారా చూసిందే. మిగతా సగం వాడవాళ్ళు చెప్పింది.

ఆ వాడలో అప్పటికి ముప్పై రెండు మగ్గాలు నడిచేవి. అన్నీ గుంట మగ్గాలే. ఇంట్లో నేలను నడుము లోతు తవ్వి, ఆ గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని నేస్తారు. నిలువు పోగుల పడుగు నేలకు జానెడు ఎత్తున సాగి ఉంటుంది. నవనీత భర్త జితేందర్ గద్వాలలో ఒక సేటుకు చీరలు నేసిచ్చేవాడు. చీర నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నడుమ నూలు పోగును కొంగు పట్టు పోగుతో ఒక్కొక్కటే జతచేసి వేళ్ళతో పురి పెట్టాలి. ఒక్క చీరకు వేల పోగులు. ఆ పని నవనీతది.

ఆమె పుట్టిల్లు ఖిల్లా ఘణపూర్. ఇంటర్ దాకా చదివింది. చేతిరాత ముత్యాల్లా ఉండేది. వాడలో ఎవరికి పింఛను దరఖాస్తు రాయాలన్నా, బ్యాంకులో ఫారం నింపాలన్నా కాగితం పట్టుకుని ఆమె గుమ్మం ముందుకే వచ్చేవారు. 2019లో సర్పంచ్ పదవి బీసీ మహిళలకు రిజర్వయింది. వాడ పెద్దలు జితేందర్ దగ్గరికి వచ్చి నీ భార్యను నిలబెడదామనుకుంటున్నాం, ఏమంటావని అడిగారు. అతను నేయడం ఆపకుండానే, "నన్నెందుకు అడుగుతరు? నిలబడేది ఆమె గద, ఆమెనే అడుగుండ్రి" అన్నాడట. ఆమె రెండు రోజులు ఆలోచించుకుని సరేనంది. ఎదురు నిలబడింది నర్సింహ అనే రైతు భార్య. ఊళ్ళో విత్తనాల కంపెనీలకిచ్చే సీడు పత్తి ఎక్కువగా వేసేది ఆయనే, బలగం కూడా పెద్దదే. అయినా నవనీత నలభై ఓట్ల తేడాతో గెలిచింది.

సర్పంచ్ అంటే మీటింగులు, దండలు అనుకుంటాం. నేను చూసింది వేరు. పొద్దున ఐదున్నరకు ఆమె ఫోను మోగేది. చేసేది సాయన్న. ట్యాంకు వాల్వు తిప్పి నీళ్ళు వదిలేది అతనే. మోటరు ఎక్కితలేదక్కా అనో, పై గేరి ఇండ్లకు నీళ్ళు పోతలేవక్కా అనో చెప్పేవాడు. ఆమె ముఖం కడుక్కుని అటు పోయేది. తిరిగొచ్చేసరికి ఇంటి అరుగు మీద నలుగురు కూర్చుని ఉండేవారు. ఒకరికి కరెంటు తీగ కిందికి వేలాడుతోంది. ఒకరి కొడుకు కోడలు మీద చెయ్యి చేసుకున్నాడు. ఒకరికి దవాఖానలో తెలిసినవాళ్ళు కావాలి. నవనీత పోగులు కలుపుతూనే వినేది. వేళ్ళు ఒక పని, చెవులు ఒక పని. ఆమె అత్త కౌసల్యమ్మ అదే అరుగు మీద రాట్నంతో కండెలకు నూలు చుడుతూ, వచ్చినవాళ్ళను జర తొందరగా చెప్పుకొని పోండ్రి అని కసిరేది.

ఎస్తేరమ్మ అని డెబ్బై ఏళ్ళ మనిషి ఉండేది. జీవితమంతా మిరప చేలల్లో పనిచేసి ఆమె వేలిముద్రలు అరిగిపోయాయి. పింఛనిచ్చే మిషను ఆమె వేలును గుర్తుపట్టేది కాదు. నవనీత ఆమెను స్కూటీ మీద ఎక్కించుకుని గద్వాలకు నాలుగుసార్లు తిప్పింది. మూడుసార్లు సర్వర్ లేదన్నారు. నాలుగోసారి కంటిపాప ఫోటో తీసుకున్నారు. తిరిగి వస్తూ దారిలో ఎస్తేరమ్మ, నా కన్నబిడ్డ కూడా నన్నిట్ల తిప్పలేదమ్మా అందట. ఆ మాట నాకు చెప్పినప్పుడు నవనీత నవ్వింది. కానీ ఎవరైనా మంచిమాట అన్నది తనకు గుర్తున్నది ఆ ఒక్కసారేనని కూడా అంది.

ఊళ్ళో ఎవరు పోయినా గంటలోపల ఆ ఇంటి ముందు ఉండాలి. ఏ ఇంటికి తొందరగా పోయింది, ఏ ఇంటికి ఆలస్యంగా పోయింది అన్నది జనం మరిచిపోరు. ఒకసారి తన చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కు వనపర్తి పోతూ బస్సు ఎక్కాక ఊళ్ళో ఎవరో పోయారని ఫోనొస్తే, మధ్యలో దిగి వెనక్కి వచ్చేసింది. చెల్లెలు ఆర్నెల్లు మాట్లాడలేదు.

ఇక అసలు సంగతి.

నవనీత ఓట్లు అడిగినప్పుడు ఇచ్చిన మాట ఒకటే పెద్దది. మగ్గాల వాడకు సిమెంటు రోడ్డు. వానాకాలమొస్తే ఆ వాడంతా మోకాటిలోతు బురద. పిల్లలు చెప్పులు చేత పట్టుకుని బడికి వచ్చేవారు. నేసిన చీర గద్వాలకు తీసుకుపోవాలంటే ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తల మీద పెట్టుకుని బురద దాటాలి. రెండేళ్ళు ఆమె ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఎన్ని బెంచీల మీద ఎన్ని గంటలు కూర్చుందో ఆమెకే తెలియాలి. చివరికి 2021 ఎండాకాలంలో రోడ్డు మంజూరైంది. ఏప్రిల్‌లో పని మొదలుపెట్టారు.

వాడ పై కొస ఎత్తుగా ఉంటుంది, కింది కొస పల్లం. నవనీత ఇల్లు పై కొసలో. కింది కొసలో ఏడిళ్ళు. వాటిలో ఒకటి రామచంద్రయ్యది. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. వాడలో అందరికన్నా పాత నేతగాడు, మాట తక్కువ. కంకర పరిచే రోజు ఆయన మగ్గం దిగి బయటికొచ్చి, చాలాసేపు నిలబడి చూశాడు. తరువాత నవనీత దగ్గరికి వచ్చాడు. వరసకు ఆయన ఆమెకు మామ అవుతాడు.

"కోడలా, రోడ్డు మా గడపల కన్న మీదికొస్తున్నది. పాత మట్టి తవ్వి కిందికి దించి పొయ్యమను. లేకుంటె నీళ్ళు ఇండ్లల్లకు వస్తయి" అన్నాడు.

నవనీత ఇంజనీరును అడిగింది. తవ్వే పని అంచనాల్లో లేదని, తవ్వాలంటే కొత్తగా రాసి మళ్ళీ పంపాలని, అది రావడానికి ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేనని, పక్క కాలువ ఎట్లాగూ రెండో విడతలో వస్తుందని అతను చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ప్రారంభోత్సవానికి అప్పటికే తేదీ ఖరారైంది. పెద్ద లీడరు వస్తున్నాడు. ఫ్లెక్సీలు అచ్చయ్యాయి. రెండేళ్ళు తిరిగి తెచ్చుకున్న రోడ్డు చేజారిపోతుందేమోనని ఆమెకు గుబులు పట్టుకుంది.

"కాల్వ తర్వాత వస్తది మామా. నేను తెస్త గద" అంది.

రామచంద్రయ్య లోపలికి పోయి మగ్గంలో కూర్చున్నాడు.

రోడ్డు పూర్తయింది. డప్పులు మోగాయి, కొబ్బరికాయ కొట్టారు. మా బడి పిల్లలు స్వాగతగీతం పాడారు. సాయంత్రం పిల్లలందరూ ఆ తెల్లటి రోడ్డు మీద సైకిళ్ళు తొక్కారు. నవనీత తన ఇంటి అరుగు మీద కూర్చుని వాళ్ళనే చూస్తూ ఉంది. ఆ తరువాతి మూడు నెలలు ఆమె ముఖంలో ఉన్న వెలుగు అంతకు ముందూ చూడలేదు, తరువాతా చూడలేదు.

అప్పటిదాకా చిన్న వానలే పడ్డాయి. సెప్టెంబరు రెండో వారంలో ఒక మంగళవారం, మధ్యాహ్నం రెండింటికి వాన మొదలైంది. గంటన్నర కుండపోతగా కురిసింది. బడి వరండా నుంచి చూస్తే కొత్త రోడ్డు వాగులా పారుతోంది. పై నుంచి వచ్చిన నీళ్ళు పోయేందుకు దారి లేక, కింది కొసలో గడపలు దాటి ఇళ్ళల్లోకి మళ్ళాయి. ముందు గుంటలు నిండాయి. తరువాత నేల మీద చీలమండ దాకా నిలిచాయి. పడుగులు తడిశాయి. రామచంద్రయ్య మగ్గం మీద ఒక పెళ్ళి చీర ఉంది, సగానికి పైగా నేసింది. పట్టు అంచు ఎరుపు తెల్లటి నూలులోకి జేవురు మరకలుగా దిగింది. గుంట గోడ ఒక పక్క కూలిపోయింది.

నవనీత ఆ వేళ గద్వాలలో మండల మీటింగులో ఉంది. పంచాయతీ కార్యదర్శి సింధూజ ఫోను చేసి విషయం చెప్పింది. నవనీత వానలోనే స్కూటీ మీద వచ్చింది. తన ఇంటి ముందు నుంచే రావాలి. ఆ ఇంట్లో చుక్క నీరు లేదు, జితేందర్ మగ్గం పొడిగా ఉంది. అది చూసుకుంటూ కింది కొసకు దిగి వచ్చింది.

వచ్చీ రాగానే చీర కుచ్చిళ్ళు పైకి దోపి, రామచంద్రయ్య ఇంట్లోకి పోయి, బకెట్ తీసుకుని గుంటలోకి దిగింది. నేనూ, సాయన్నా, పెద్ద తరగతి పిల్లల తండ్రులూ తలో ఇంట్లో నీళ్ళు తోడుతున్నాం. ఆమె నడుము లోతు బురద నీళ్ళలో నిలబడి బకెట్లు పైకి అందిస్తోంది, వాటిని రామచంద్రయ్య భార్య అమృతమ్మ అందుకుని వాకిట్లో పోస్తోంది. రామచంద్రయ్య గోడకు ఆనుకుని తడిసిన చీరను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి అమృతమ్మ బకెట్ అందుకుంటూ ఆగింది.

"ఆ దినం మా ముసలాయన నీకు చెప్పిండు గదమ్మా. ఇన్నవా?" అంది.

గొంతు పెంచలేదు, తిట్టలేదు. నవనీత ఇంకో బకెట్ నింపి పైకి అందించింది. చీకటి పడే వేళకు నీళ్ళు అయిపోయాయి.

మర్నాడు ఆమె ఇంటికి పార్టీ మనుషులు ఇద్దరు ముగ్గురు వచ్చారు. వానెక్కువ పడితే ఎవరేం చేస్తారని ఒకరన్నారు. తప్పు కాంట్రాక్టరుదని చెప్పు, ఇంజనీరుదని చెప్పు, నీ మీద వేసుకోకు, రేపు ఓట్లల్ల ఇబ్బందవుతది అని ఇంకొకరన్నారు. ఆమె వాళ్ళకు టీ ఇచ్చి పంపింది. శుక్రవారం గ్రామసభ పెట్టించింది.

సభకు జనం బాగా వచ్చారు. కొందరు కోపంగా, కొందరు ఏం జరుగుతుందో చూద్దామని. నవనీత మైకు పట్టుకుంది. ఆమె అంతకు ముందు ఎప్పుడు మాట్లాడినా కాగితం మీద రాసుకొచ్చి చదివేది. ఆ రోజు చేతిలో కాగితం లేదు.

"రోడ్డు పోసేటప్పుడు రామచంద్రయ్య మామ నాకు చెప్పిండు. నేను ఇనలే. తారీఖు దాటిపోతదని, రోడ్డు పోతదని భయపడ్డ. కాంట్రాక్టరు ఏం చేసిండో తర్వాత ముచ్చట. ఇనకపోయింది నేను. తప్పు నాది" అంది.

 తరువాత ఒకాయన లేచి, తప్పు ఒప్పుకుంటే గుంటలు ఎండుతయా అన్నాడు. ఎండవు, అందుకే కాలువ తవ్వుదామంటున్నా అంది. రెండో విడత కోసం చూస్తే ఇంకో వాన పడుతుంది. ఊరే తవ్వుకోవాలి. ఇంటికో మనిషి రావాలి, సామాను పంచాయతీది.

కాలువ తవ్వాలంటే చోటు కావాలి. వాడ ఇరుకు. రోడ్డు పక్కన మిగిలింది అరుగులే. అరుగులు కొట్టేస్తే తప్ప కాలువ పడదు. పై కొస ఇళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. మా ఇండ్లల్లకు నీళ్ళు రాలే గద, మా అరుగులెందుకు తియ్యాలె అన్నారు. అది కూడా న్యాయమైన మాటే. అరుగు అంటే వాళ్ళకు సగం ఇల్లు. పడుగు సరిచేసేది, కండెలు చుట్టేది, కోడలితో పోట్లాడి వచ్చి కూర్చునేది అక్కడే.

నవనీత వాళ్ళతో వాదించలేదు. మరునాడు పొద్దున సాయన్నను గడ్డపార తెమ్మని, మొదట తన ఇంటి అరుగు కొట్టించింది. కౌసల్యమ్మ ముప్పై ఏళ్ళుగా కూర్చున్న అరుగు అది. ఆమె రాట్నం లోపలికి లాక్కుని, గుమ్మంలో నిలబడి, నిన్ను సర్పంచును చేసి నా కూసునే జాగ పోగొట్టుకున్న అని కోడలిని నోరారా తిట్టింది. తిడుతూనే రాళ్ళు ఎత్తి పక్కన పేర్చింది. మధ్యాహ్నానికి పక్కింటివాళ్ళు గడ్డపార అడిగారు. మూడు రోజుల్లో పదకొండు అరుగులు పోయాయి.

అసలు చిక్కు చివర్లో వచ్చింది. కాలువ నీళ్ళు వాడ దాటి చెరువు కాలువలో కలవాలంటే నర్సింహ చేను గట్టు వెంట పోవాలి. ఆయన భార్యే ఎన్నికల్లో ఓడిపోయింది. పైగా సీడు పత్తికి మగపూల పుప్పొడిని ఆడపూలకు చేత్తో అద్దే క్రాసింగు రోజులు. రోజూ ముప్పై మంది కూలీలు చేలో పూలు పట్టుకుని ఉంటారు. ఎవరి చేనైనా ఆ నెలలో ముట్టుకోనివ్వరు.

నవనీత ఒక్కతే ఆయన ఇంటికి పోయింది. ఆయన ఆమెను కూర్చోమన్నాడు. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చి లోపలికి పోయింది. పంట తీసినాక చూద్దాం అన్నాడు నర్సింహ. పంట తీసేలోపు వానొస్తదన్నా అంది ఆమె. రెండున్నరేళ్ళల్ల మా గడప తొక్కలే, ఇప్పుడు గుర్తొచ్చిన్నా అని ఆయన అన్నాడు. నిజమే అంది. 

"నర్సింహన్నా, జాగ ఇయ్యమని నేను అడుగ. ఒక్కసారి వచ్చి రామచంద్రయ్య మామ గుంట చూసిపో. చూసినంక నీకు ఏది తోస్తె అది చెయ్యి" అంది.

ఆ సాయంత్రమే ఆయన వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. కూలిన గుంట గోడను చూశాడు. దండెం మీద ఆరేసిన చీరను చూశాడు. మరకలు ఆరి గట్టిపడ్డాయి. నర్సింహ కూతురు పెళ్ళి చీరను అప్పట్లో నేసింది కూడా ఆ మగ్గం మీదే. రామచంద్రయ్య ఆయనకు పీట వేశాడు. ఇద్దరూ పంటల గురించి నాలుగు మాటలు మాట్లాడుకున్నారు. లేచి పోతూ గడప దగ్గర నర్సింహ ఆగాడు.

"మూడడుగులు ఇస్త. నాలుగో అడుగు అడగొద్దు" అన్నాడు నవనీతతో.

కాలువ పదహారు రోజుల్లో పూర్తయింది. చేను దగ్గర తవ్వేటప్పుడు నర్సింహ తన కూలీల్లోంచి ఆరుగురిని పంపాడు. అక్టోబరులో మళ్ళీ పెద్ద వాన పడింది. వాడవాళ్ళందరూ గడపల్లో నిలబడి చూశారు. నీళ్ళు కాలువలో పడి, చేను గట్టు వెంట, ఎర్రగా సుడులు తిరుగుతూ పోయాయి. ఏ ఇంట్లోకీ రాలేదు. నవనీత కింది కొసలో గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. అమృతమ్మ లోపలికి రమ్మని పిలిచి టీ ఇచ్చింది.

అయినా అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. ఆ చీర చెడిపోయింది. రామచంద్రయ్య గుంట గోడ కట్టుకుని రెండు నెలలకు మళ్ళీ మగ్గమెక్కాడు. కానీ తడిసిన ఏడు మగ్గాల్లో రెండు మళ్ళీ నడవలేదు. ఒక ఇంటాయన మగ్గం విప్పి అటక మీద పెట్టి, కర్నూలులో వాచ్‌మన్‌గా పోయాడు. ఇంకొకాయన గద్వాలలో బట్టల దుకాణంలో చేరాడు. వాళ్ళు ఊరు విడిచే రోజు నవనీత బస్‌స్టాండు దాకా పోయింది. తిరిగొచ్చాక ఆ వారమంతా ఎవరొచ్చినా తక్కువ మాట్లాడింది. నేను ఒకసారి, ఎట్లాగూ మగ్గాలు తగ్గుతున్నాయి కదమ్మా, మీరు ఆపగలిగేదా అన్నాను. తగ్గుతున్నయి సార్, కాని ఆ రెండు నా లెక్కల పోయినయి అంది. 

2024 జనవరిలో ఆమె పదవీకాలం ముగిసింది. దాదాపు రెండేళ్ళు ఎన్నికలు లేవు, ప్రత్యేకాధికారి పాలన నడిచింది. ఆయనకు పది ఊళ్ళు. జనం మాత్రం కాగితాలు పట్టుకుని నవనీత ఇంటికే వచ్చేవారు. అరుగు లేదు కాబట్టి గుమ్మం లోపలే కూర్చునేవారు. నాకిప్పుడు పదవి లేదని ఆమె చెబితే, పదవి లేకుంటే రాయరాదా అనేవారు. నాకు ఆ మధ్యే బదిలీ అయింది. కానీ ఫోనులో మాటలుండేవి.

2025 డిసెంబరు ఎన్నికల్లో నాగరేవుల సర్పంచ్ సీటు ఎస్సీలకు రిజర్వయింది. ఎస్తేరమ్మ మేనల్లుడు అబ్రహాం నిలబడి గెలిచాడు. నవనీత ఇక రాజకీయం చాలనుకుంది. మళ్ళీ పోగులు కలిపే పనిలో పూర్తిగా కూర్చుంది. నామినేషన్ల చివరి రోజు పొద్దున అమృతమ్మ వచ్చింది. ఆమెకు డెబ్బై దగ్గర పడింది, కర్ర పట్టుకుని పై కొస దాకా నడిచి వచ్చింది. వాడ తరఫున వార్డు మెంబరుగా నిలబడమంది. నవనీత తల అడ్డంగా ఊపింది.

"నా చేతుల ఏడిండ్లు మునిగినయి అత్తా" అంది.

"మునిగినంక గుంటల దిగింది కూడ నువ్వే గద. లెవ్వు. టైమైపోతది" అంది అమృతమ్మ.

ఇద్దరూ కలిసి పంచాయతీ ఆఫీసుకు పోయారు. నామినేషనుకు ఆ వార్డు ఓటరు ఒకరు ప్రతిపాదించాలి. ఎవరు సంతకం పెడతారని అధికారి అడిగితే, అమృతమ్మ ముందుకు జరిగి, కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. వెనక లైనులో ఉన్నవాళ్ళు ఓపికగా నిలబడ్డారు. ఎదురు నామినేషను ఎవరూ వేయలేదు. నవనీత ఏకగ్రీవంగా వార్డు మెంబరు అయింది.

ఈ సంక్రాంతి దాటాక ఫోను చేస్తే, అంగన్‌వాడీ కేంద్రం పైకప్పు కురుస్తోందని, అబ్రహామూ తనూ కలిసి గద్వాల ఆఫీసులో కూర్చుని ఉన్నామని చెప్పింది. ఇంకా పిలవలేదట. మధ్యాహ్నం పన్నెండైంది, పొద్దున తొమ్మిదింటి నుంచి బెంచీ మీదే ఉన్నారు. పోగులన్న తెచ్చుకుంటే బాగుండు సార్, ఇంతసేపు చేతులు ఖాళీగున్నయి అని నవ్వింది. అంతలో లోపలి నుంచి ఎవరో పిలిచినట్టున్నారు. మళ్ళ చేస్త అని ఫోను పెట్టేసింది.